ఎత్తు పెంచిన జీపులో స్టీరింగు భాగాలు మార్చడం

ఈ పాఠ్యభాగం చదివిన తరువాత మీరు: జీపు ఎత్తు పెంచితే స్టీరింగు ఎందుకు లాగుతుందో లెక్క వేసి చెప్పగలుగుతారు, అరిగిన టై రాడ్ ఎండ్‌ను మార్చే క్రమాన్ని వివరించగలుగుతారు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి.

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్ వంటి చోట ఇంటి ముందు వీధే గ్యారేజి. విడిభాగాలకు పక్కనే కరోల్ బాగ్ ఉంది, అక్కడ దొరకనివి కశ్మీరీ గేట్ బజారులో వెతకవచ్చు. మీరు విజయవాడలో ఉంటే ఆటోనగర్ అనుకోండి. భాగాలు చేతికి అందుతాయి గనుక పాత జీపు పని తామే చేసుకోవాలని చాలామందికి ఉంటుంది. చేసుకోవచ్చు. అయితే స్టీరింగులో చేసిన పొరపాటు బండి నిలబడి ఉన్నప్పుడు కనిపించదు, వేగం మీద బయటపడుతుంది.

మహీంద్రా ఎం.ఎం.540 వంటి జీపులో ముందు చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు ఉంటాయి. ఇరుసు కమాన్ల మీద ఆడుతుంది. స్టీరింగు పెట్టె మాత్రం పైన ఛాసిస్‌కు బిగించి ఉంటుంది. పెట్టె నుంచి దిగే చిన్న చెయ్యి డ్రాప్ ఆర్మ్. దాని నుంచి చక్రానికి పోయే కడ్డీ డ్రాగ్ లింక్. రెండు చక్రాలను కలిపేది టై రాడ్. ఎత్తు పెంచితే పెట్టె పైకి పోతుంది, ఇరుసు కిందనే ఉంటుంది. డ్రాగ్ లింక్ ఏటవాలుగా మారుతుంది.

ఇప్పుడు పైథాగరస్ సిద్ధాంతం గుర్తు తెచ్చుకోండి. కడ్డీ పొడవు 60 సెం.మీ., వాలు 5 సెం.మీ. అనుకుందాం. గతుకులో చక్రం 5 సెం.మీ. లేస్తే కడ్డీ చివర పక్కకు జరిగేది సుమారు 2 మిల్లీమీటర్లు. అదే జీపును 10 సెం.మీ. ఎత్తు పెంచితే వాలు 15 అవుతుంది. మళ్లీ 5 సెం.మీ. లేస్తే జరిగేది దాదాపు 11 మిల్లీమీటర్లు! మీరు చక్రం తిప్పకుండానే బండి తిరుగుతుంది. దీనినే బంప్ స్టీర్ అంటారు. ఇంకా కిందికి దిగే డ్రాప్ ఆర్మ్ వేస్తే వాలు తగ్గుతుంది. కడ్డీని వంచి వెల్డింగు చేయించే పద్ధతి కొన్నిచోట్ల చూస్తాం. అది ఎన్నడూ చేయకండి.

టై రాడ్ ఎండ్ మార్చేటప్పుడు బండి చదునైన నేల మీద ఉండాలి. వెనక చక్రాలకు దుంగలు పెట్టి, ముందు భాగాన్ని జాకీతో లేపి, ఇరుసు కింద స్టాండ్లు నిలపండి. ఇటుకలు పనికిరావు, అవి ఒక్కసారిగా పగులుతాయి. మొదట టై రాడ్ పొడవు కొలిచి రాసుకోండి. స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు వదులు చేసి, పుల్లరుతో కీలును ఊడదీయండి. మర మీద నేరుగా సుత్తితో కొడితే మర చెడుతుంది. పాత ఎండ్‌ను విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కించండి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కించండి. టై రాడ్ ఒక చివర ఎడమ మర ఉండవచ్చు, చూసుకోండి. నట్టును కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కొలతకు టార్క్ రెంచితో బిగించండి. గాడి పిన్ను రంధ్రానికి కలవకపోతే మరికాస్త బిగించాలి, వదులు చేయరాదు. ప్రతిసారీ కొత్త పిన్నే వేయాలి. డ్రాప్ ఆర్మ్ అయితే విప్పకముందే దానికీ, అది బిగించి ఉన్న స్టీరింగు పెట్టె కడ్డీకీ కలిపి గుర్తు గీయండి.

స్టీరింగును రెండు పక్కలా చివరిదాకా తిప్పి, బ్రేకు గొట్టానికి ఏదైనా తగులుతోందేమో చూడండి. తరువాత వీల్ అలైన్‌మెంట్ చేయించండి. అప్పటిదాకా కోచింగు విద్యార్థులు నిండిన వీధిలో నడిపి పరీక్షించవద్దు.

మరొక మాట. అరిగినచోట అదే రకం భాగం వేయడం మరమ్మతు. ఎత్తు పెంచడం మార్పు. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా మార్చడాన్ని కట్టడి చేస్తుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కనుక కమాన్లు కొనకముందే రవాణా కార్యాలయంలో అడగండి.

పాఠ్యగత ప్రశ్నలు
1. 60 సెం.మీ. కడ్డీకి 20 సెం.మీ. వాలు ఉంది. చక్రం 5 సెం.మీ. లేస్తే కడ్డీ చివర ఎంత జరుగుతుంది?
2. పిన్ను కలవడానికి నట్టును వదులు చేయరాదు. ఎందుకు?