ఇనుము మరిచిపోని అంకెలు

1908లో అమ్మకానికి వచ్చిన ఫోర్డ్ మోడల్ టీకి చాలా ఏళ్లపాటు వేరే ఛాసిస్ నంబరంటూ లేదు. ఇంజన్ ఎడమ పక్కన, నీళ్లు లోపలికి వెళ్లే గొట్టం బిగించే చోటుకి కాస్త పైన, పోత ఇనుము దిమ్మె మీద కొట్టిన అంకెలే ఆ కారుకు గుర్తింపు. అమెరికాలో రిజిస్ట్రేషన్ కాగితాల్లోకి ఎక్కిందీ ఆ ఇంజన్ నంబరే.

చిక్కంతా అక్కడే మొదలైంది. ఇంజన్లను ఒకచోట తయారుచేసి, వేరే ఊళ్లలో కార్లకు బిగించేవారు. నంబరు చెప్పేది ఇంజన్ పుట్టిన రోజు. కారు తయారైంది వారాల తర్వాత కావచ్చు. పైగా ఇంజన్ పాడైతే ఇంకోటి వేయించి నడుపుకునేవాళ్లు. 1927 నాటికి మోడల్ టీలు కోటిన్నర తయారయ్యాయి. అందుకే ఇవాళ ఒక మోడల్ టీ కాగితాలకీ ఇంజన్‌కీ పొంతన కుదరకపోతే, దాన్ని దొంగబండి అనేయడం తొందరపాటే.

తర్వాత వచ్చిన మోడల్ ఏలో ఇంజన్ మీది నంబరునే ఫ్రేము ఎడమ పట్టీ పైభాగాన కూడా కొట్టారు. ముందు ‘ఏ’ అక్షరం, రెండు కొసలా నక్షత్రం గుర్తు. ఇంజన్ మారినా ఇది మారదు. అయితే బాడీ కూర్చున్నాక చాలా కార్లలో ఆ చోటు మూసుకుపోతుంది. బాడీ ఎత్తితే తప్ప నంబరు పూర్తిగా చదవలేం. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌లో మాత్రం వెనక సీటు తీస్తే చాలు, కారు మధ్యగా పొడవునా ఉబ్బెత్తుగా సాగే రేకు మీద కనిపిస్తుంది.

నంబరున్న చోటు దొరికాక గ్రైండర్ పెట్టడం, ఎమెరీ పేపరుతో రుద్దడం అసలే చేయకూడదు. అరిగిపోయిన అంకెను షెడ్డులో తెచ్చి పెట్టలేం. రంగు కరిగించే మందు, మెత్తటి బ్రష్షు, పక్కవాటుగా పట్టిన టార్చి వెలుగు చాలు. ఏటవాలు వెలుగులో నీడ పడి, 3 ఏదో 8 ఏదో తేలిపోతుంది.

ఇంకా లోతుకు వెళ్తే విషయం అద్భుతంగా ఉంటుంది. ఉక్కు అంటే చిన్న చిన్న స్ఫటికాల కూర్పు. అచ్చు దెబ్బ పడినప్పుడు అంకె అడుగున ఉన్న స్ఫటికాలు నలిగిపోతాయి. ఆ నలుగుడు కంటికి కనిపించే గాటు కంటే కిందికి దిగుతుంది. దొంగ ఆకురాయితో అంకెను నున్నగా అరగదీసినా, నలిగిన పొర కొంత మిగిలే ఉంటుంది. దాని మీద రాగి లవణం కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం అద్దితే, నలిగిన లోహాన్నీ నలగని లోహాన్నీ ఆమ్లం ఒకే తీరుగా తినదు. ఆ తేడా వల్లే పోయిన అంకె మసకగా పైకి తేలుతుంది. ఫోరెన్సిక్ ప్రయోగశాలల్లో చేసే పని ఇది, షెడ్డులో కాదు. పోత ఇనుము పెళుసు, ఉక్కులా నలగదు. కాబట్టి ఫ్రేము నంబరు తేలినంత తేలిగ్గా ఇంజన్ దిమ్మె నంబరు తేలదు.

తయారీదారుకో పద్ధతిగా సాగిన ఈ నంబర్ల లెక్క అమెరికాలో 1981 మోడళ్లతో ఒక దారికి వచ్చింది. అప్పటినుంచి 17 అక్షరాలూ అంకెలూ కలిసిన నంబరు ఉంటుంది. 1, 0లతో పొరబడతారని ఐ, ఓ, క్యూ అక్షరాలను వదిలేశారు. తొమ్మిదో స్థానం తనిఖీ కోసం. మిగతావాటిని లెక్కగట్టి 11తో భాగిస్తే వచ్చే శేషం అక్కడ ఉండాలి. శేషం 10 అయితే ఎక్స్ రాస్తారు. ఒక్క అంకె తప్పు రాసినా పట్టుబడుతుంది. అంతకుముందు కార్లకు ఆ రక్షణ లేదు.

మన దేశంలో 2021లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు వచ్చాయి. బండి 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలోనే ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్ల గడువు, నంబరు ప్లేటులో ‘వీఏ’ అక్షరాలు. దరఖాస్తుకు ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింటు కావాలి: పిల్లలు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి రుద్దినట్టే. పాత కారు బేరం ఆడుతున్నప్పుడే ఆ ప్రింటు తీసుకుని, ఆర్సీతో అంకె అంకె పోల్చుకోవాలి. అడ్వాన్సు ఆ తర్వాతే.