ఐదుకాళ్ళ మేక ఉన్న ఊరు

పిల్లలూ! ఇంట్లో పెద్దవాళ్ళు నలుగురు చేరినప్పుడు వారి మాటలు వినండి. "మా రోజుల్లో తిరునాళ్ళంటే ఏమనుకున్నారు!" అని ఒకరు మొదలుపెడతారు. రెండవవారు రంగులరాట్నం సంగతి ఎత్తుతారు. మూడవవారికి పీచుమిఠాయి గుర్తుకు వస్తుంది. మీకేమో ఇదంతా వింతగా ఉంటుంది. "తిరునాళ్ళు ఇప్పుడూ జరుగుతూనే ఉన్నవి గదా, వీరికి దిగులెందుకు?" అనుకుంటారు.

ఈ దిగులు మన దేశంలోనే కాదు, అన్ని దేశాల్లోనూ ఉన్నది. అమెరికాలో యాభై ఏళ్ళు దాటినవారు చాలామంది తాము చిన్నప్పుడు సెలవులు గడిపిన ఒక విహారస్థలాన్ని తలచుకుని ఇలాగే నిట్టూరుస్తారు. ఈ నెల మీకు ఆ స్థలం సంగతులు చెబుతాను. చివర మీకొక పని కూడా అప్పగిస్తాను.

వాల్ట్ డిస్నీ పేరు మీరు వినే ఉంటారు. మిక్కీ మౌస్ అనే ఎలుకను బొమ్మల సినిమాల్లో ఆడించినవాడు ఆయనే. ఆయనకు ఇద్దరు కుమార్తెలు. వారిని లాస్ ఏంజెలీస్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకుపోయేవాడు. పిల్లలు రంగులరాట్నం ఎక్కి తిరుగుతూంటే తండ్రి బల్లమీద కూర్చుని చూస్తూ ఉండేవాడు. పిల్లలకు సరదాగానే ఉన్నది. పెద్దవారికి మాత్రం చూస్తూ కూర్చోవటం తప్ప వేరే పని లేదు. పెద్దలూ పిల్లలూ కలిసి ఆడుకునే చోటు ఒకటి ఉంటే ఎంత బాగుంటుంది అని ఆయనకు తోచింది. ఆ ఆలోచనే 1955 జూలై 17న కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ రూపం దాల్చింది.

అయితే అక్కడ స్థలం తక్కువ. పార్కు చుట్టూ ఇతరులు హోటళ్ళూ దుకాణాలూ కట్టేశారు. ఈసారి అలా జరగకూడదని వాల్ట్ ఫ్లారిడా రాష్ట్రంలో సుమారు 27,000 ఎకరాలు కొన్నాడు. అంటే దాదాపు 110 చదరపు కిలోమీటర్లు! కొంటున్నది డిస్నీ అని తెలిస్తే ధరలు పెరుగుతాయి గనక, వేరువేరు కంపెనీల పేర్లతో రహస్యంగా కొన్నారు. 1965 నవంబరులో సంగతి బయటపెట్టారు.

కాని ఆ నేలమీద ఒక్క ఇటుకైనా పెట్టకముందే, 1966 డిసెంబరు 15న వాల్ట్ చనిపోయాడు. ఆయన అన్న రాయ్ డిస్నీ అప్పటికి పని మానుకుని విశ్రాంతి తీసుకోవలసిన వయసులో ఉన్నాడు. తమ్ముడు తలపెట్టిన పని ఆగిపోకూడదని ఆ ముసలాయన విశ్రాంతి సంగతి పక్కన పెట్టి భారం మీద వేసుకున్నాడు. ఆ స్థలానికి "డిస్నీ వరల్డ్" అని కాక "వాల్ట్ డిస్నీ వరల్డ్" అని పూర్తి పేరు ఉండాలని పట్టుబట్టాడు. 1971 అక్టోబరు 1న అది తెరుచుకున్నది. అప్పుడు రాయ్ వయసు 78 ఏళ్ళు. ఆ సంవత్సరమే డిసెంబరు 20న ఆయనా కన్ను మూశాడు. తమ్ముడి పేరు గుమ్మం మీద నిలిపి మరీ వెళ్ళాడన్నమాట.

ఇక ఆనాటి సెలవులు ఎలా గడిచేవో చూద్దాం.

అంతకుముందు పార్కు అంటే పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే చోటు. ఇక్కడ అలా కాదు. ఎన్నో కుటుంబాలు కారులో సామాను సర్దుకుని, దూరప్రాంతాల నుంచి ప్రయాణం చేసి వచ్చి, నాలుగైదు రోజులు అక్కడే మకాం వేసేవి. బస చేయటానికి మొదట రెండు పెద్ద హోటళ్ళు కట్టారు. వాటిలో "కంటెంపరరీ" అనే దానిని కట్టిన తీరు చిత్రమైనది. గదులను వేరేచోట ఒక కర్మాగారంలో తయారుచేసి, లారీలమీద తెచ్చి, క్రేనుతో ఎత్తి, ఉక్కు చట్రంలో ఒక్కొక్కటిగా అమర్చారు. బీరువాలో సొరుగులు దూర్చినట్టే!

ఆ హోటలు మధ్యగా ఒక రైలు పోతుంది. దాని పేరు మోనోరైలు. మామూలు రైలుకు రెండు పట్టాలుంటాయి గదా. దీనికి ఎత్తున ఒకే ఒక దూలం. రైలు ఆ దూలాన్ని రెండు వైపులా కాళ్ళతో కరచుకున్నట్టు పట్టుకుని, రబ్బరు చక్రాలమీద, విద్యుచ్ఛక్తితో నడుస్తుంది. భోజనం చేస్తున్నవారి తలలమీదుగా రైలు పోతూంటే పిల్లలు అన్నం మరిచిపోయి చూసేవారు.

ఆ మధ్య హాలులోనే 90 అడుగుల ఎత్తైన ఒక గోడ చిత్రం ఉన్నది. మేరీ బ్లేర్ అనే చిత్రకారిణి దానిని రచించింది. అందులో పిల్లలూ, పక్షులూ, జంతువులూ ఉంటారు. ఒకచోట ఒక మేక ఉన్నది. దాని కాళ్ళు లెక్కపెడితే నాలుగు కావు, ఐదు! ఆ మేకను వెతికి పట్టుకోవటం అక్కడ బసచేసిన పిల్లలకు ఒక ఆట. నేడు తాతలైనవారు కూడా మనుమలకు "అదుగో, మా మేక!" అని చూపుతారు.

ఆ రోజుల్లో పార్కులో చీట్ల పుస్తకం అమ్మేవారు. అందులో ఎ, బి, సి, డి, ఇ అని ఐదు రకాల చీట్లుండేవి. గుర్రపు ట్రాము వంటి చిన్న సరదాకు ఎ చీటీ చాలు. అన్నిటికంటె గొప్పవాటికి ఇ చీటీ ఇవ్వాలి. ఇ చీట్లు కొన్నే ఉండేవి. అందుచేత పిల్లలు రాత్రి హోటలు గదిలో పుస్తకం ముందు పెట్టుకుని, దేనికి ఖర్చుపెట్టాలా అని పెద్ద సభ జరిపేవారు. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి. లెక్కల పాఠం, సంసారం పాఠం రెండూ అందులోనే ఉన్నవి! "ఇ టిక్కెట్టు" అన్నమాట అమెరికా వారి వాడుకభాషలోకి కూడా ఎక్కింది. 1983లో అంతరిక్షానికి వెళ్ళిన మొదటి అమెరికన్ మహిళ శాలీ రైడ్ తన ప్రయాణాన్ని ఇ టిక్కెట్టుతోనే పోల్చింది. అప్పటికే, 1982లో, ఆ చీట్లు రద్దయినవి. ఒకసారి ప్రవేశరుసుము కడితే అన్నీ ఎక్కవచ్చుననే పద్ధతి వచ్చింది. మిగిలిపోయిన ఎ చీట్లను నేటికీ పెట్టెల్లో దాచుకున్నవారున్నారు.

ఇ చీటీ అడిగే సరదాలలో జలాంతర్గామి ప్రయాణం ఒకటి. జూల్స్ వెర్న్ రాసిన కథలోని నాటిలస్ ఓడను పోలిన 12 పడవలు ఒక మడుగులో తిరిగేవి. లోపల కూర్చున్నవారికి గుండ్రని కిటికీలోంచి చేపలూ, మునిగిన నగరమూ కనిపించేవి. నిజానికి ఆ పడవలు మునగనే మునగవు! వాటి కిటికీలు మొదటినుంచీ నీటిమట్టానికి కిందనే ఉంటాయి. పడవ బయలుదేరగానే కిటికీల ముందు బుడగలు పొంగి పైకి పోతాయి. బుడగలు పైకి పోతూంటే మనం కిందికి దిగుతున్నట్టు కన్ను మోసపోతుంది. ఆగి ఉన్న మన రైలు పక్కనుంచి మరొక రైలు కదిలితే, మన రైలే కదిలినట్టు భ్రమ కలగటంలేదూ? ఇదీ అంతే. నిర్వహణ ఖర్చు ఎక్కువని 1994లో ఆ పడవలను ఆపేశారు. తరువాత వాటిలో రెండింటిని బహామా దీవుల వద్ద, ఈతగాళ్ళు చూసేటందుకు సముద్రంలో దించారు. పనిచేసినన్నాళ్ళూ మునగని జలాంతర్గాములు, పని మానిన తరువాత నిజంగానే మునిగాయి!

1976లో ఒక సరస్సు అంచున "రివర్ కంట్రీ" అనే ఈత స్థలం తెరిచారు. అడుగున ఇసుక, జారుడు బండలు, తాడు పట్టుకుని ఊగి నీళ్ళలోకి దూకే ఏర్పాటు. అచ్చంగా పల్లెటూరి చెరువే. దానిని తలచుకోగానే ఆనాటి పిల్లల ముఖాలు వికసిస్తాయి.

కాని ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. 1980లో అక్కడ ఈదిన ఒక బాలుడు సూక్ష్మజీవి వల్ల కలిగే మెదడు జబ్బుతో చనిపోయాడు. ఆ సూక్ష్మజీవి ఒక రకం అమీబా. వెచ్చని మంచినీటి మడుగుల్లో ఉంటుంది. ముక్కులోకి నీరు పోయినప్పుడు దానితోపాటు మెదడుకు చేరుతుంది. ఈ జబ్బు చాలా అరుదు, కాని ప్రాణాంతకం. మన దేశంలోనూ ఇది కనిపించింది. మీరు ఎండాకాలంలో చెరువులో ఈదేటప్పుడు ముక్కులోకి నీరు పోకుండా చూసుకోండి. రివర్ కంట్రీ 2001లో మూతపడింది. చాలా ఏళ్ళు పాడుబడి, పిచ్చిచెట్లు మొలిచి, చివరకు నేలమట్టమయింది.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, జ్ఞాపకం జల్లెడ వంటిది. తీపిని ఉంచుకుని చేదును జారవిడుస్తుంది. ఎండలో గంటలకొద్దీ వరసలో నిలబడటం, కారులో అన్నదమ్ముల కొట్లాట, చాలని డబ్బు, ఇవేవీ గుర్తుండవు. బుడగలూ, మేకా గుర్తుంటాయి. "మా రోజులే బంగారం" అన్న మాటలో నిజం ఉన్నది, కాని అది పూర్తి నిజం కాదు.

అలాగని పెద్దల దిగులు ఉత్తదీ కాదు. 1971లో పెద్దవారికి ప్రవేశరుసుము మూడున్నర డాలర్లు. లోపలి సరదాలకు వేరే చీట్లు కొనవలసి వచ్చినా, సామాన్య కుటుంబం కూడబెట్టుకుని పోగలిగేది. ఇప్పుడు ఒక్కరోజుకే నూరు డాలర్లు దాటింది. వస్తువుల ధరలన్నీ పెరిగాయి, నిజమే. ఈ రుసుము అంతకంటె ఎక్కువ పెరిగింది. "నా తండ్రి నన్ను తీసుకుపోయాడు, నేను నా పిల్లలను తీసుకుపోలేను" అనుకునేవాడి నిట్టూర్పులో న్యాయం లేదనగలమా?

కొందరు నిట్టూర్చి ఊరుకోలేదు. "మిస్టర్ టోడ్" అనే కప్పదొరగారి బండి సరదాను తీసేస్తారని 1997లో తెలిసి, అభిమానులు ఆకుపచ్చ చొక్కాలు తొడుక్కుని వచ్చి అభ్యంతరం తెలిపారు. అయినా 1998లో అది పోయింది. దాని స్థానంలో వచ్చిన ఎలుగుబంటి సరదాలో ఒక చిన్న పటం పెట్టారు. కప్పదొర తన ఇంటి దస్తావేజును గుడ్లగూబకు అప్పగిస్తున్నట్టు ఆ పటంలో ఉంటుంది. 2025 జూలైలో పార్కులోని నదినీ, దానిమీద తిరిగే పెద్ద పడవనూ కూడా ఆపేశారు. ఆ ఎలుగుబంటి కోసమే వచ్చే పిల్లలూ ఉన్నారు. పాతది ఉంచితే వారి సరదా ఏది? కొత్తది తెస్తే పెద్దల గురుతు ఏది? ఇది తేలిగ్గా తెగే తగవు కాదు.

ఆ పార్కులోనే ఒక రంగులరాట్నం ఉన్నది. దానిని 1917లో ఫిలడెల్ఫియా కంపెనీ ఒకటి తయారుచేసింది. మొదట డెట్రాయిట్‌లో తిరిగింది. 1928లో న్యూ జెర్సీలోని ఒలింపిక్ పార్కుకు చేరింది. 1965లో ఆ పార్కు మూతపడింది. ఆ ఊరి పిల్లలు ఎంత బాధపడి ఉంటారో! డిస్నీ మనుషులు ఆ రాట్నాన్ని కొని, చెక్క గుర్రాలకు కొత్త రంగులు వేయించి, ఫ్లారిడాలో నిలబెట్టారు. ఒక ఊరి పిల్లలు పోగొట్టుకున్నది మరొక ఊరి పిల్లలకు కొత్త సరదా అయింది. నేడు దానిమీద తిరిగే పిల్లలకు అదే "మా రోజుల" రాట్నం అవుతుంది.

ఇప్పుడు మీ పని. మీ ఇంట్లో పెద్దవారిని ఒకరిని పట్టుకుని, వారు చిన్నప్పుడు సెలవుల్లో ఎక్కడికి పోయేవారో అడగండి. అక్కడ ఏమి తిన్నారు, ఎంత ఖర్చయింది, ఇప్పుడు అక్కడ ఏమున్నది అని కూడా అడగండి. బాగున్నవే కాక, బాగాలేనివి కూడా చెప్పమనండి. తారీఖు వేసి నోటుపుస్తకంలో రాయండి. ఆ కిందనే, మీరు ఈ ఏడు చూసిన తిరునాళ్ళ గురించి పది వాక్యాలు రాయండి. ఆ మేకకు ఐదు కాళ్ళని ఎవరో ఒకరు ఓపికగా లెక్కపెట్టబట్టే గదా మనకు తెలిసింది! మీరు కూడా చూసినదాన్ని లెక్కపెట్టి చూడండి, రాసి ఉంచండి.