పది లక్షల మెయిళ్లు చదివేదెవరు?

చట్టం చేసే ముందు, నిబంధన మార్చే ముందు జనం మాట వినడం ప్రభుత్వాలకు కొత్త కాదు. గెజిట్‌లోనో పేపర్లోనో ప్రకటన వేసి, అభ్యంతరాలుంటే ఫలానా తేదీలోగా రాసి పంపమనేవారు. రాసేది కొద్దిమందే: వ్యాపార సంఘాలు, వకీళ్లు, పట్టువదలని ఒకరిద్దరు పెద్దమనుషులు. ఇంటర్నెట్ వచ్చాక రాసి పంపడం క్షణాల పనైంది. అప్పటి నుంచి వెబ్‌సైట్లు, యాప్‌లు తయారుచేసేవాళ్ల శ్రమంతా జనం చేత మాట్లాడించడం మీదే పోతోంది. వచ్చిన మాటలు ఎవరు చదవాలి, ఏ లెక్కన తూచాలి, చెప్పినవారికి ఏం బదులివ్వాలి అన్నవి చివరికి మిగిలిపోతాయి. ఇలాంటి వేదికలు ఎక్కువగా దెబ్బతినేది ఈ చివరి పనుల దగ్గరే.

మన దేశంలో ఇందుకు పెద్ద ఉదాహరణ నెట్ న్యూట్రాలిటీ వివాదం, అంటే ఇంటర్నెట్‌లో అన్ని సైట్లనూ సేవలనూ సమానంగా చూడాలా అన్న గొడవ. వాట్సాప్, స్కైప్ లాంటి సేవలను ఎలా నియంత్రించాలో చెప్పమంటూ టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015 మార్చి 27న చర్చాపత్రం విడుదల చేసింది. 118 పేజీలు, 20 ప్రశ్నలు, అంతా సాంకేతిక ఇంగ్లిష్. మామూలు పాఠకుడు రెండో పేజీ దాటడం కష్టం. కొందరు స్వచ్ఛంద కార్యకర్తలు ఆ ప్రశ్నలకు నమూనా జవాబులు సిద్ధం చేసి, సులువుగా ట్రాయ్‌కి మెయిల్ పంపే వీలున్న సైటు పెట్టారు. పది లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయి. ట్రాయ్ వాటిని తన వెబ్‌సైట్‌లో పెట్టేసింది, పంపినవారి ఈమెయిల్ చిరునామాలతో సహా. పారదర్శకత పేరుతో చేసిన పని స్పామ్ పంపేవాళ్లకు పండగైంది. వ్యాఖ్యలన్నీ బహిరంగంగా ఉండాలన్న నియమం సంఘాలూ కంపెనీలూ మాత్రమే రాసే రోజులకు సరిపోయేది. మామూలు మనుషులు లక్షల్లో రాసినప్పుడు ఏ వివరం దాచాలన్న ఆలోచన అందులో లేదు.

అదే ఏడాది డిసెంబరులో, ఒక్కో వెబ్‌సైటుకు ఒక్కో డేటా ధర పెట్టవచ్చా అని ట్రాయ్ మరో పత్రంలో నాలుగు ప్రశ్నలు అడిగింది. కొన్ని ఎంచిన సైట్లను మాత్రం డేటా ఖర్చు లేకుండా చూపే తన ఫ్రీ బేసిక్స్ పథకాన్ని సమర్థిస్తూ ఫేస్‌బుక్ ట్రాయ్‌కి రాయమని వాడుకరులను కోరింది. రాయాల్సిన మాటలు కూడా తానే ఇచ్చింది. మళ్లీ లక్షల్లో మెయిళ్లు. వాటిలో చాలావాటికి ఫ్రీ బేసిక్స్ కావాలన్న ఒక్క మాట తప్ప, అడిగిన ప్రశ్నలతో సంబంధం లేదు. అర్థవంతమైన సంప్రదింపును తలలు లెక్కపెట్టే తంతుగా మార్చేశారన్న భావంతో ట్రాయ్ 2016 జనవరిలో ఫేస్‌బుక్‌కు ఘాటైన లేఖ రాసింది. ఫిబ్రవరి 8న వివక్షతో కూడిన డేటా ధరలను నిషేధించింది.

మొదటి ఉద్యమాన్ని ప్రజావిజయమనీ రెండోదాన్ని కంపెనీ ఎత్తుగడ అనీ తేల్చేయడం తేలికే. మొదటివాళ్లు ప్రశ్నలకు జవాబిచ్చారు, ఆ తేడా నిజమే. కానీ ఇద్దరి చేతిలోని పనిముట్టు ఒకటే: ముందే రాసిపెట్టిన మాటలు, వాటి కింద ఒక బటన్. ఒకే పాఠాన్ని లక్షమంది పంపితే అది లక్ష అభిప్రాయాలా, లక్ష సంతకాలున్న ఒకే అభిప్రాయమా? మెయిల్ ఇన్‌బాక్స్‌కు ఆ సంగతి తెలియదు.

తైవాన్‌లో ఈ చిక్కును వేరే కొసన పట్టుకున్నారు. 2014 మార్చిలో చైనాతో వాణిజ్య ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ విద్యార్థులు అక్కడి పార్లమెంటులో బైఠాయించారు. సన్‌ఫ్లవర్ ఉద్యమం అని పేరొచ్చిన ఆ ఘటన తర్వాత ప్రభుత్వమూ, గవ్‌జీరో అనే ప్రోగ్రామర్ల సమూహమూ కలిసి వీతైవాన్ అనే సంప్రదింపు పద్ధతిని మొదలుపెట్టాయి. అందులో వాడిన పోలిస్ సాఫ్ట్‌వేర్‌లో ఒకరి మాటకు మరొకరు జవాబిచ్చే బటనే లేదు. తెర మీద ఒక్కో వాక్యం వస్తుంది. ఒప్పుకుంటాను, ఒప్పుకోను, దాటవేస్తాను అని నొక్కడమే. కావాలంటే తన వాక్యం తాను చేర్చవచ్చు. ఎదుటివాణ్ని తిట్టడానికి చోటులేదు కనుక తిట్లకు ఫలితమూ లేదు. ఒకే తీరుగా నొక్కినవారిని సాఫ్ట్‌వేర్ గుంపులుగా చూపిస్తుంది. పరస్పరం పడని గుంపులు కూడా ఏ వాక్యాల దగ్గర ఏకమవుతున్నాయో బయటపెడుతుంది. గొడవ పడేచోటు కన్నా కలిసే చోటు ముందు కనబడేలా చేయడం ఇందులోని తెలివి.

2015లో ఉబర్ వివాదాన్ని ఇలాగే చర్చకు పెట్టారు. టాక్సీ డ్రైవర్లు ఒక పక్క, ఉబర్‌ను ఇష్టపడేవాళ్లు మరో పక్క. అయినా ప్రయాణికుల బీమా, డ్రైవర్ల అనుమతి, పన్నులు వంటి విషయాల్లో రెండు పక్షాలకూ నచ్చే మాటలు తేలాయి. ఆ తర్వాతి నిబంధనల్లో వాటి జాడ కనిపించింది. అంతమాత్రాన దీన్ని మంత్రదండం అనుకోనక్కరలేదు. వీతైవాన్ తీర్మానాలకు చట్టబద్ధత లేదు. వచ్చి నొక్కేది ఆసక్తి, తీరిక ఉన్నవాళ్లే. కొన్నేళ్లకు దాని వాడకం బాగా తగ్గింది.

ఆసక్తి ఉన్నా నోరు విప్పలేనివాళ్ల సంగతి వేరు. 2020 మార్చిలో కేంద్రం తెచ్చిన పర్యావరణ ప్రభావ మదింపు ముసాయిదా మొదట ఇంగ్లిష్, హిందీల్లోనే వచ్చింది. గనుల పక్కన, ఆనకట్టల కింద బతికే ఊళ్ల భాషలు అందులో లేవు. ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించమని జూన్ 30న ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ షెడ్యూలులో గోండీ లేదు. ఛత్తీస్‌గఢ్‌లోనూ మన ఆదిలాబాద్‌లోనూ వినిపించే ఈ భాష మాట్లాడేవారిలో చాలామందికి రాసే మాధ్యమం అక్కరకు రాదు. 2010లో మొదలైన సీజీనెట్ స్వర ఫోన్‌నే వేదిక చేసింది. ఫోన్ చేసి ఊరి సమస్యను నోటితో చెబితే చాలు, ఇతరులు ఫోన్‌లోనే వింటారు. ఖర్చంతా వినిపించేవారి వైపు ఉంది. వచ్చిన ప్రతి మాటనూ ఒక మనిషి విని, సరిచూసి, వినిపించాలి.

అభిప్రాయం చెప్పడం కాక కలిసి ఒక పని చేయాల్సి వస్తే సమస్య మరోలా ఉంటుంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాలో ఎవరైనా ‘మార్చు’ నొక్కి వ్యాసం దిద్దవచ్చు. ప్రతి మార్పూ చరిత్రలో నిలుస్తుంది కనుక, చెడగొట్టడం కన్నా సరిచేయడమే తేలిక. మొదట్లో కంప్యూటర్లో తెలుగు రాయడమే పెద్ద అడ్డంకి. లేఖిని లాంటి ఉపకరణాలు దాన్ని దాటించాయి. వ్యాసాలు లక్ష దాటినా, వాటిని కనిపెట్టుకుని ఉండే చురుకైన వాడుకరులు మాత్రం కొద్దిమందే. కొత్తగా చేరినవారు మొదటి దిద్దుబాటు రద్దయితే నొచ్చుకుని మళ్లీ రాకపోవచ్చు. నాణ్యత కాపాడే నియమాలే వాళ్లకు గోడలవుతాయి. ఈ ఇబ్బంది బటన్లు మారిస్తే తీరేది కాదు, ఓపికగా చెప్పే పాతకాపులు కావాలి.

ఇంత చేసినా నిర్ణయం చేతిలో ఉన్నవారు వినకపోతే చేయగలిగింది తక్కువ. ఐస్‌లాండ్‌లో 2011లో 25 మంది సభ్యుల మండలి రాజ్యాంగ ముసాయిదాను ఇంటర్నెట్‌లో పెట్టి, ఫేస్‌బుక్‌లో వచ్చిన సూచనలు తీసుకుని దిద్దింది. 2012 అక్టోబరు రెఫరెండంలో ఓటేసినవారిలో మూడింట రెండు వంతులు దాన్ని సమర్థించారు. పార్లమెంటు ఆమోదించలేదు. తైవాన్ ప్రభుత్వ వేదిక జాయిన్‌లో 60 రోజుల్లో 5,000 మంది మద్దతు పొందిన విజ్ఞప్తికి సంబంధిత శాఖ జవాబివ్వాలి. ఇది చిన్న హామీయే, కానీ ఎవరు, ఎప్పుడు బదులివ్వాలో అందులో ఉంది. మన దగ్గరా 2014 నాటి కేంద్ర విధానం ప్రకారం ముసాయిదా చట్టాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచాలి, వచ్చిన వ్యాఖ్యల సారాంశాన్ని శాఖ వెబ్‌సైట్‌లో పెట్టాలి. అయితే అది విధానమే తప్ప చట్టం కాదు. సారాంశం పెట్టలేదని నిలదీసే హక్కును అది ఎవరికీ ఇవ్వలేదు.