మట్టిబాటకు పాత టూ-స్ట్రోకు బండి

మోటారు సైకిలుపై మట్టిబాటల వెంట, గుట్టల దారుల వెంట పోవలెనను కోరిక యువకులకు సహజము. ఆ కోరిక గలవాని చూపు సాధారణముగా పాత టూ-స్ట్రోకు బండిపై పడును. అది తేలిక, చేతికి లొంగును, దాని ఇంజనులో విడిభాగములు తక్కువ. కాని పాతబండి బేరము పాతఇంటి బేరము వంటిది. పైపూత చూచి కొన్నవాడు లోపలి గోడను తరువాత చూచును.

1968లో యమహా సంస్థ డిటి-1 అను 250 సి.సి. బండిని విడుదల చేసెను. రోడ్డుపైనను మట్టిలోనను సమానముగా నడువగల తేలికబండ్లకు దానితో గొప్ప ఆదరణ కలిగినది. మన దేశమున అట్టి బండ్లు అరుదు. కావున ఇచ్చటి ఔత్సాహికులు రాజ్‌దూత్, యెజ్డీ, ముఖ్యముగా 1985 మొదలు 1996 వరకు తయారైన ఆర్.ఎక్స్.100 బండ్లను మట్టిబాటకు మలచుకొనిరి. ఆర్.ఎక్స్.100 ఇంజను 98 సి.సి. మాత్రమే; అయినను చురుకైనది. క్రొత్తగా నేర్చువానికి బరువైన బండికన్న ఇట్టిదే మేలు. పడినపుడు ఒంటరిగా లేవనెత్తుకొనవచ్చును.

కొనుటకు ముందు ఈ ఇంజను స్వభావమును తెలిసికొనవలెను. ఫోర్-స్ట్రోకు ఇంజనులో నూనె అడుగున నిలిచి, భాగములను తడుపుచుండును. టూ-స్ట్రోకులో అట్లు కాదు. పెట్రోలు, గాలి కలిసిన మిశ్రమము మొదట క్రాంకు గదిలోనికి వచ్చి, అచ్చటినుండి సిలిండరులోనికి పోవును. కావున నూనె కూడ ఆ మిశ్రమముతోనే ప్రయాణము చేయవలెను. రాజ్‌దూత్, యెజ్డీ వంటి బండ్లలో నూనెను పెట్రోలులో మనమే కలుపవలెను. ఆర్.ఎక్స్.100లో నూనెకు వేరు తొట్టి, దానికొక చిన్న పంపు కలవు. నూనె అందనిచో పిస్టను వేడెక్కి, ఉబ్బి, సిలిండరును పట్టివేయును. దీనినే మెకానిక్కులు "సీజు" అందురు. అది జరిగిన క్షణమున వెనుకచక్రము బిగిసిపోవును.

ఈ పాఠమును మేము పుస్తకమున గాక రోడ్డుపై నేర్చితిమి. మేము కొన్న బండికి నూనెతొట్టి ఉన్నది, అందు నూనెయు ఉన్నది. పంపు పనిచేయుచున్నదని నమ్మి వట్టి పెట్రోలు పోయించితిమి. వెనుకటి యజమాని ఏనాడో పంపును తీసివేయించి, నూనెను పెట్రోలులోనే కలుపుచుండెనని మాకు తెలియదు. ఆయన చెప్పలేదు, మేము అడుగలేదు. కొంతదూరము పోయినపిమ్మట ఇంజను స్వరము మారినది, బలము తగ్గినది, వెనుకచక్రము ఒక్కసారిగా ఈడ్చుకొనిపోయినది. చేయి అప్రయత్నముగా క్లచ్చును నొక్కుటచే పడక బయటపడితిమి. ఎదుట లారీ వచ్చియున్నచో ఈ వ్యాసము వ్రాయువారు వేరొకరై యుందురు.

అందుచే అమ్మువానిని అడుగవలసిన తొలిప్రశ్న ఇది: "నూనెపంపు ఉన్నదా, తీసివేసితిరా?" సమాధానముతో తృప్తిపడరాదు. పంపుకు పోవు గొట్టము, కేబులు ఉన్నవో లేవో కంటితో చూడవలెను. అనుమానము తీరువరకు పెట్రోలులో నూనె కలిపియే నడుపుట క్షేమము. 25 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు నూనె అనగా, లీటరుకు 40 మిల్లీలీటర్లు. బండితో వచ్చిన పుస్తకము వేరొక లెక్క చెప్పినచో దానినే పాటింపవలెను.

రెండవది కాగితముల సంగతి. రిజిస్ట్రేషను పత్రములోని ఛాసిస్, ఇంజను నంబర్లను బండిపై నంబర్లతో అక్షరమక్షరము సరిచూడవలెను. గీచి మరల కొట్టిన గుర్తులున్నచో ఆ బేరము అచ్చటనే విడువవలెను. రిజిస్ట్రేషను మొదట 15 ఏండ్లు చెల్లును. తరువాత తనిఖీతో 5 ఏండ్లకొకమారు పొడిగింపబడును. ఈ బండ్లన్నియు ఆ గడువు దాటినవే కావున పొడిగింపు జరిగినదో లేదో చూడవలెను. 29, 30 నంబర్ల ఫారములపై అమ్మువాని సంతకము తీసికొని, కొన్న 30 రోజులలో బదిలీకి దరఖాస్తు చేయవలెను.

ఇక యంత్రపరీక్ష. "చల్లని ఇంజనునే చూపుడు" అని ముందే చెప్పవలెను. వెళ్ళగనే ఇంజనుపై చేయి ఆనించుడు. వెచ్చగానున్నచో, చల్లగా స్టార్టు కాని బండిని ముందే వేడిచేసి ఉంచినారేమో అని అనుమానింపవలెను. కిక్కును మెల్లగా త్రొక్కినపుడు గట్టి ఎదురొత్తిడి తగులవలెను. స్టార్టయిన తొలినిమిషములలో పొగ వచ్చుట సహజమే. ఇంజను వేడెక్కిన తరువాత కూడ దట్టమైన తెల్లపొగ తగ్గక, గేరు నూనె కూడ తరుగుచున్నచో క్లచ్చు వైపు సీలు పోయినదని గ్రహింపవలెను. యాక్సిలరేటరు వదలినను వేగము దిగనిచో ఎచ్చటనో గాలి చొరబడుచున్నది. ఇదియు సీజుకు దారితీయును. ప్లగ్గు కాఫీపొడి రంగులో ఉన్నచో మంచిది. తెల్లబారినది అతివేడికి, నూనెతో నల్లబడినది మిశ్రమదోషమునకు గుర్తు. సిలిండరును ఎన్నిమారులు బోరు చేయించిరో అడుగవలెను. దానికిని ఒక హద్దు కలదు. హ్యాండిలు మెడవద్ద ఫ్రేముకు పగుళ్ళు, అతుకులు ఉన్నవేమో వెలుతురులో చూడవలెను. ఆ లోపమున్న బండిని ఎంత చౌకకైనను కొనరాదు.

కొన్నవెంటనే గుట్టకు పరుగెత్తరాదు. ట్యాంకులో త్రుప్పు కడిగించి, కార్బురేటరు శుభ్రపరచి, గాలివడపోతను మార్పించుడు. మట్టిబాటలో దుమ్మే ఇంజనుకు పెద్ద శత్రువు. సైలెన్సరులో పేరుకొన్న మసిని తీయించుడు. బ్రేకులు, కేబుళ్ళు, గొలుసు, ఫోర్కునూనె క్రొత్తవైనచో మనసు నిశ్చింతగానుండును. గట్టిపళ్ళ టైర్లు, వెనుక రెండుమూడు పళ్ళు ఎక్కువగల స్ప్రాకెట్టు ఏటవాలునెక్కుటకు సాయపడును. అంతకుమించి బండి స్వరూపమును మార్చుటకు చట్టము ఒప్పదు.

తొలిస్వారి ఖాళీ మైదానమున, హెల్మెటుతో, బూట్లతో చేయుడు. గతుకులపై ఫుట్‌రెస్టులపై నిలిచి మోకాళ్ళను వదులుగా ఉంచుడు. చూపు ముందుచక్రముపై గాక దూరముపై ఉండవలెను. నిడుపైన దిగుడులో యాక్సిలరేటరును పూర్తిగా మూసినచో పెట్రోలుతోపాటు నూనెయు తగ్గును. కావున నడుమనడుమ కొంచెము తెరచుచుండవలెను. ఎడమచేతి వ్రేళ్ళు రెండు ఎల్లప్పుడును క్లచ్చుపై ఉండనిండు. ఆనాడు మమ్ము కాపాడినవి ఆ రెండు వ్రేళ్ళే.