ఒక్క మాట ముందుచూపు

1989 డిసెంబరు. ఆమ్‌స్టర్‌డామ్‌లో గీడో వాన్ రాసమ్ పనిచేసే సీడబ్ల్యూఐ పరిశోధన సంస్థకి క్రిస్మస్ సెలవులు. ఇంట్లో కంప్యూటరుంది, చేతినిండా తీరికుంది. ఊసుపోక ఓ కొత్త ప్రోగ్రామింగ్ భాష మొదలుపెట్టి, తనకిష్టమైన హాస్య బృందం పేరు మీద దానికి పైథాన్ అని పేరుపెట్టాడు. ఇవాళ మన ఇంజనీరింగ్ కాలేజీల్లో పిల్లలు దిద్దుతున్నది ఆ భాషనే.

ఈ కథ చాలామందికి తెలుసు. ఆ భాష కోసం ఆయన దాదాపు అన్నిటికన్నా ముందు రాసిన కోడ్ ఏమిటన్నది మాత్రం అంతగా తెలియదు. భాష వ్యాకరణాన్ని చేతికిస్తే, ఆ భాషను చదవగలిగే ప్రోగ్రామును తయారుచేసిపెట్టే పనిముట్టు అది. దాని పేరు పీజెన్. ఇలాంటివాటిని పార్సర్ జనరేటర్లంటారు.

బడిలో తెలుగు మాస్టారు వాక్యమిచ్చి కర్త, కర్మ, క్రియ విడదీయమనేవారు కదా, పార్సర్ చేసేదీ అలాంటి పనే. 2 + 3 * 4 అని రాస్తే జవాబు 14. ఎడమ నుంచి కుడికి గుడ్డిగా లెక్కకట్టే యంత్రానికి మాత్రం 20 వస్తుంది. ముందు 3, 4 జతకట్టాలి, ఆ వచ్చినదానితో 2 కలవాలి అని చెట్టు గీసి చూపించేది పార్సరే. దాన్ని చేత్తోనూ రాసుకోవచ్చు. కానీ భాషలో ఒక్క నియమం మారినా కుట్లు విప్పి మళ్ళీ కుట్టాలి. ఆ బాధ పడలేకే బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ 1970ల్లో యాక్ అనే జనరేటర్ రాశాడు. ఆ పొడి అక్షరాలను విప్పితే ‘ఇదిగో ఇంకో కంపైలర్ కంపైలర్’ అని వస్తుంది. అప్పటికే ఈ రకం ఎన్ని ఉండేవో ఆ వెటకారమే చెబుతోంది. (భాషల వ్యాకరణాన్ని సూత్రాలుగా రాసే పద్ధతికి బాకస్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పేరుంది. దానికి పాణిని పేరు కూడా చేర్చాలని 1967లో ఇంగర్‌మన్ అనే ఆయన ఒక కంప్యూటర్ పత్రికకు లేఖ రాశాడు. పేరైతే మారలేదు.)

పీజెన్‌కి ఇవ్వాల్సింది మామూలు టెక్స్ట్ ఫైలు. అందులోని ఒక నియమాన్ని తెలుగులోకి దించితే ఇలా ఉంటుంది:

ఇఫ్_వాక్యం: 'ఇఫ్' షరతు ':' పనులు ('ఎలిఫ్' షరతు ':' పనులు)* ['ఎల్స్' ':' పనులు]

నక్షత్రం గుర్తున్నది ఎన్నిసార్లైనా రావచ్చు, అసలు రాకపోవచ్చు. చదరపు బ్రాకెట్లలోది ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఈ లైను పట్టుకుని పీజెన్ ‘ఇక్కడుండగా ఈ మాట వస్తే అక్కడికి వెళ్ళు’ అనే పట్టికలు తయారుచేస్తుంది. వ్యాకరణం మారితే లైను దిద్ది మళ్ళీ నడిపితే సరి.

చిక్కల్లా ఒక్కటే. పీజెన్ పార్సర్‌కి ముందుచూపు ఒక్క మాటే. ఈ రకాన్ని ఎల్ఎల్(1) అంటారు, ఆ 1 దీని గురించే. ఎదురుగా ఉన్న ఒక్క మాటను చూసి ఏ దారిన పోవాలో తేల్చుకోవాలి, వెనక్కి తిరిగే వీల్లేదు. మెమరీకి కటకటగా ఉన్న రోజుల్లో అది మంచి బేరమే. కానీ ఫంక్షన్‌ని పిలిచేచోట ‘వయసు’ అనే మాట కనబడిందనుకోండి. అది ఉత్త విలువా, ‘వయసు = 30’ అని పేరుపెట్టి ఇస్తున్నదా? సంగతి తేల్చే సమానం గుర్తు ఆ పక్కనే ఉంది, పార్సర్ చూపు అక్కడిదాకా ఆనదు. అందుకని వ్యాకరణంలో చిన్న అబద్ధం ఆడారు. సమానానికి ఎడమవైపు ఏదైనా ఉండొచ్చని రాసేసి, తప్పుల్ని తర్వాతి దశలో ఏరుకునేవారు. ఏరేటప్పుడు కొన్ని జారిపోయాయి. ‘(వయసు) = 30’ అని పేరుకి బ్రాకెట్లు తగిలించినా పైథాన్ ఏళ్ళ తరబడి కిక్కురుమనలేదు. అది చెల్లదని 2019లో వచ్చిన 3.8 వెర్షన్‌లో గానీ చెప్పలేదు.

2018లో భాష సారథ్యం వదులుకున్న గీడో, మరుసటి ఏడాది తన పాత పనిముట్టునే పీకి పందిరేశాడు. బ్రయన్ ఫోర్డ్ 2004లో ప్రతిపాదించిన పెగ్ వ్యాకరణాలు ఆయనకు నచ్చాయి. వీటిలో ఒక దారి మూసుకుపోతే వెనక్కొచ్చి ఇంకో దారి పట్టొచ్చు. చదివిందే మళ్ళీ చదవకుండా, ఒకసారి విడదీసిన ముక్కను మెమరీలో దాచుకోవచ్చు. 1989లో అది దుబారా. ఇప్పుడు జేబులో ఫోనుకే గిగాబైట్ల మెమరీ. పైథాన్ డెవలపర్లు పాబ్లో గలిందో, లిసాండ్రోస్ నికొలావు తోడయ్యారు. కొత్త జనరేటర్ పేరు పెజెన్. ఇంగ్లీషు స్పెల్లింగులో పాత పేరుకి ఒక్క ‘ఇ’ చేరింది, అంతే.

2020 అక్టోబరులో 3.9తో ఇది జనంలోకి వచ్చింది. వాడేవాళ్ళకు తేడా తెలియకూడదన్నదే పంతం. నమ్మకం కుదరనివాళ్ళ కోసం పాత పార్సర్‌కి మారే స్విచ్ కూడా ఉంచారు. ఏడాది తర్వాత, 3.10లో, దాన్నీ తీసేశారు.

ఆ 3.10లోనే ‘మ్యాచ్’ అనే కొత్త వాక్యం పైథాన్‌లోకి వచ్చింది. మామూలుగా ఒక మాటను భాష తన సొంతం చేసుకుంటే, ఆ మాటను పేరుగా వాడుకున్న పాత ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి. ‘మ్యాచ్’ చూస్తే ఎందరో వాడుకునే పేరు. టెక్స్ట్‌లో వెతికే పైథాన్ సొంత లైబ్రరీలోనే ఆ పేరుతో ఫంక్షనుంది. కొత్త పార్సర్ మాట చూడగానే తొందరపడదు. లైను చివర కోలన్ ఉందా, దాని కింద ఈ వాక్యంలో రావాల్సిన ‘కేస్’ ఉందా చూసుకుని, ఇది వాక్యమో ఎవరో పెట్టుకున్న పేరో అప్పుడు తేలుస్తుంది. పాత ప్రోగ్రాములో ఎక్కడో ‘మ్యాచ్ = 5’ అని ఉంటే, అది ఇప్పటికీ ఎప్పటిలాగే నడుస్తోంది.