క్రిమికీ ఓ నంబరు!

రేణిగుంట జంక్షన్లో రైలెక్కితే గూడూరు, గుంతకల్లు, అరక్కోణం, తిరుపతి మీదుగా కాట్పాడి... నాలుగు వైపులకీ వెళ్లొచ్చు. రైలు నంబరు మాత్రం ఏ స్టేషన్లో అడిగినా ఒకటే. అలాకాక ఒక్కో స్టేషనూ తనకు తోచిన నంబరు పెట్టుకుంటే? ప్రయాణికుల పాట్లు చెప్పనక్కర్లేదు!

మనతోపాటే టిక్కెట్టు లేకుండా తిరిగే టైఫాయిడ్ క్రిమితోనూ ఇదే చిక్కు. ఒక్కో ల్యాబ్ ఒక్కో పేరు పెడితే, రెండు ఊళ్ల జ్వరాలకీ మూలం ఒకటేనని కనిపెట్టేదెలా?

1993లో అమెరికాలో హ్యాంబర్గర్లు తిని ఏడొందల మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. ఆ దెబ్బతో, క్రిముల డీఎన్‌ఏ 'వేలిముద్రల్ని' ప్రజారోగ్య ల్యాబులు పోల్చి చూసుకునేలా 1996లో పల్స్‌నెట్ మొదలైంది. 1998లో ఎంఎల్‌ఎస్‌టీ అనే పద్ధతి వచ్చింది. ఇందులో సాధారణంగా ఏడు జన్యువుల ముక్కలు చదివి, ఒక్కో రూపానికీ ఒక్కో అంకె ఇస్తారు. కొత్త రూపం కనిపిస్తే ఎవరికి వారు అంకె వేసుకోవడం కుదరదు. డేటాబేస్ చూసేవాళ్లు సరిచూసి ఇవ్వాల్సిందే. విసుగు పుట్టించే పనే, కానీ అసలు కీలకం అదే.

టైఫాయిడ్ రకాల్ని విడదీయడానికి ఆ ఏడు ముక్కలూ చాలవు. మొత్తం జన్యుక్రమాన్ని చదవాలి. మన దక్షిణాసియాలో పుట్టి, చాలా మందులకు లొంగకుండా విస్తరించిన రకాన్ని మొదట్లో హెచ్58 అనేవారు. 2016లో వచ్చిన ఉమ్మడి పద్ధతిలో దాని నంబరు 4.3.1. 2023లో 110 దేశాలకు చెందిన 13,000 జన్యుక్రమాల్ని ఆ నంబర్లతోనే పోల్చారు.

అయితే నంబరొక్కటే ఉంటే సరిపోదు. నమూనా ఏ ఊరిదో, ఏ తేదీదో కూడా రాయాలి. రోగి పేరు మాత్రం అక్కర్లేదు.