టామీ... ఎక్కడున్నావ్‌?

దీపావళి రాత్రి పక్కింట్లో లక్ష్మీబాంబు పేలింది. అంతవరకూ మంచం కింద వణుకుతున్న టామీ ఒక్క గెంతులో గేటు దాటి చీకట్లో కలిసిపోయింది. పాపం, దాని తప్పేముంది? మనకు అస్సలు వినపడని శబ్దాలు కూడా కుక్కలకు వినపడతాయి మరి.

ఇక ఇంట్లో పిల్లలు అన్నం ముట్టరు. నాన్న స్కూటరేసుకుని ఊరంతా చుట్టేస్తాడు. 'ఇల్లు తెలీదా దానికి, అదే వస్తుందిలే' అంటుంది నాయనమ్మ. నిజానికి ఎక్కడ వెతకాలన్నది తప్పిపోయింది కుక్కా, పిల్లా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

పిల్లయితే స్కూటరు అక్కర్లేదు, టార్చిలైటు చాలు. తప్పిపోయిన 1,210 పిల్లుల గురించి 2018లో ఒక అధ్యయనం వెలువడింది. దొరికినవాటిలో 75 శాతం, తప్పిపోయిన చోటికి అర కిలోమీటరు లోపే ఉన్నాయట! భయపడిన పిల్లి దూరం పోదు, నక్కుతుంది. ప్రాణంగా పెంచుకున్నవాళ్లు పిలిచినా 'మ్యావ్‌' అనదు. అందుకే పిలుస్తూ తిరిగితే లాభం లేదు, వంగి చూడాలి. మెట్లకింద, మోటారు గదిలో, సెల్లార్లో కార్లకింద, డాబామీది పాత సామాను వెనకాల. 'మా ఇంటికి రాలేదండీ' అని పక్కింటివాళ్లు చెబితే వెనుదిరగొద్దు. బతిమాలైనా వాళ్ల స్టోర్‌రూమ్‌ తలుపు తీయించండి. ఊరు సద్దుమణిగాక, అర్ధరాత్రి దాటాక మరోసారి వెళ్లండి. టార్చి వెలుగులో కళ్లు మెరుస్తాయి.

కుక్క సంగతి వేరు. బెదిరిన కుక్క ఆగకుండా పరుగెత్తి తెలియని పేటకు చేరిపోతుంది. కనిపించగానే నలుగురూ కలిసి వెంటపడ్డారో, లారీకింద పడేలా మీరే తరిమినట్లు! దూరంగా పక్కకు తిరిగి కింద కూర్చోండి. కళ్లలోకి చూడకుండా, మెల్లగా పేరు పిలుస్తూ దానికిష్టమైనదేదైనా ముందుకు విసరండి. గంట పట్టినా సరే.

వాట్సప్‌ గ్రూపుల్లో ఫొటో పెట్టడం మంచిదే. కానీ తెల్లవారుజామున వీధిలో ఏం జరిగిందో పాలబ్బాయికీ, పేపరబ్బాయికీ, రోడ్లు ఊడ్చేవాళ్లకీ తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ముందు వాళ్లనడగండి. పోస్టరు మీద పెద్ద ఫొటో, దూరానికి కనపడేలా ఫోన్‌ నంబరు ఉంటే చాలు. ఒక్క గుర్తు మాత్రం... చెవిలోని మచ్చో, తోక చివరి తెలుపో... దాచిపెట్టుకోండి. 'మీ కుక్క నా దగ్గరుంది, ముందు డబ్బు పంపండి' అని ఫోన్‌ చేసేవాడిని ఆ గుర్తు అడిగితే అసలు రంగు తేలిపోతుంది.

మరవకూడని చోటు మరొకటి... మున్సిపాలిటీవాళ్లు వీధికుక్కల్ని ఉంచే కేంద్రం. మెడలో పట్టీ లేకపోతే మీ టామీని వీధికుక్కే అనుకుని బండెక్కించే వీలుంది. ఫోన్‌లో అడిగి ఊరుకోకుండా స్వయంగా వెళ్లి చూడండి. రెండ్రోజులకోసారి వెళ్లాల్సిందే.

ఈమధ్య పశువైద్యులు చర్మం కింద బియ్యపుగింజంత మైక్రోచిప్‌ అమరుస్తున్నారు. అది ఉంటే కుక్క ఎక్కడుందో ఫోన్‌లో కనపడుతుందని కొందరి నమ్మకం. అలా కనపడదు. అందులో ఉండేది 15 అంకెల నంబరే. ఎవరైనా పట్టుకుని స్కానర్‌తో చూస్తేనే, ఆ నంబరుతో నమోదైన యజమాని వివరాలు దొరుకుతాయి. మీరు ఫోన్‌ నంబరు మార్చి అక్కడ చెప్పకపోతే ఆ కబురు పాత నంబరుకే వెళుతుంది. అంతకంటే చవకైన ఏర్పాటు, మెడపట్టీ మీద చెరగని ఇంకుతో రాసిన పది అంకెలు.